భూమి లోపలి వేడితో కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

సోలార్ ప్యానెళ్ళ గురించి ఏ సందేహం వచ్చినా తీర్చడానికి ఇప్పుడు ఊరికి నలుగురున్నారు. నేల కింది వేడితో కరెంటు తీయడం గురించి అడిగితే మాత్రం రెండే జవాబులు వినిపిస్తాయి. "రేపటి కరెంటు అదే" అని ఒకరంటే, "అగ్నిపర్వతాలున్న దేశాలకే అది, మనకెందుకు" అని ఇంకొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. మనుగూరు దగ్గర ఒక చిన్న ప్లాంటు పెట్టారని తెలిసినప్పటి నుంచి నా మిత్రులు అడుగుతున్నవి, నాకు నేను వేసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

భూతాపం, భూఉష్ణ శక్తి రెండూ ఒకటేనా?

కాదు. మన పత్రికల్లో భూతాపం అంటే గ్లోబల్ వార్మింగ్, అంటే వాతావరణం వేడెక్కడం. ఇక్కడ చెబుతున్నది నేల లోపల మొదటి నుంచీ ఉన్న వేడి గురించి. కొన్ని వార్తల్లో దీన్ని కూడా ‘భూతాప విద్యుత్తు’ అని రాయడంతో చదివేవాళ్ళు తికమక పడుతున్నారు. నేను భూఉష్ణ విద్యుత్తు అనో, అందరికీ అలవాటైన జియోథర్మల్ అనో అంటాను.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

కొంత భూమి పుట్టినప్పటిది, ఇంకా చల్లారలేదు. మిగతాది రాళ్ళలోని యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాలు నెమ్మదిగా క్షీణిస్తూ విడుదల చేసేది. సాధారణంగా కిలోమీటరు లోతుకు పోతే 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. లోతుకు దిగేకొద్దీ ఉక్క ఎలా పెరుగుతుందో సింగరేణి అండర్‌గ్రౌండ్‌లో చేసినవాళ్ళను అడగండి, చెబుతారు.

అయితే ఈ పెరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అగ్నిపర్వతాలున్న చోట, భూమి పైపొర పలచబడిన చోట వేడి పైకే అందుతుంది. దక్షిణ భారతంలో మన కాళ్ళ కిందున్నవి చాలా పాత రాళ్ళు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, దశాబ్దాలుగా బోర్లలో ఉష్ణోగ్రతలు కొలుస్తోంది. ఆ కొలతల ప్రకారం దక్కన్‌లో చాలాచోట్ల వేడి పెరిగే వేగం ప్రపంచ సగటు కంటే తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింద వచ్చే చాలా జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

వేడిని కరెంటుగా ఎలా మారుస్తారు?

థర్మల్ ప్లాంటులో బొగ్గు మండించి నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. ఇక్కడ ఆ బాయిలర్ పని భూమే చేస్తుంది. ఇటలీలోని లార్డెరెల్లోలో నేల నుంచి నేరుగా పొడి ఆవిరి వస్తుంది. 1904లో పియెరో జినోరి కోంటి అనే ప్రిన్స్ అక్కడి ఆవిరితో ఐదు బల్బులు వెలిగించాడు. 1913లో 250 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు. ఆ ప్రాంతం ఇప్పటికీ కరెంటు ఇస్తూనే ఉంది.

అలాంటి పొడి ఆవిరి దొరికే చోట్లు చాలా తక్కువ. ఎక్కువచోట్ల పైకి వచ్చేది విపరీతమైన ఒత్తిడిలో ఉన్న వేడినీరు. పైకి రాగానే ఒత్తిడి తగ్గి అందులో కొంత భాగం ఆవిరవుతుంది, దానితో టర్బైన్ తిరుగుతుంది. 1958లో న్యూజిలాండ్‌లోని వైరాకెయిలో ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది.

నీళ్ళు మరిగేంత వేడిగా లేకపోయినా మూడో దారి ఉంది. ఆ నీటి వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ఐసోబ్యూటేన్, పెంటేన్ లాంటి ద్రవానికి అందిస్తారు. ఆ ద్రవం ఆవిరై టర్బైన్ తిప్పి, చల్లబడి మళ్ళీ ద్రవమవుతుంది. దీన్ని బైనరీ పద్ధతి అంటారు. అలాస్కాలోని చేనా వేడినీటి బుగ్గల దగ్గర 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. ఈ చేనా సంగతి మనుగూరు దగ్గర మళ్ళీ వస్తుంది.

సోలార్ ఇంత చవకయ్యాక దీని అవసరమేముంది?

సాయంత్రం ఏడు గంటలకు ఇంట్లో ఫ్యాన్లు, ఏసీలు, మోటార్లు అన్నీ నడుస్తుంటాయి. అప్పుడు సోలార్ ఉండదు. జియోథర్మల్‌కు రాత్రీ పగలూ, వానాకాలం ఎండాకాలం తేడా లేదు. మన దేశంలో ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు రోజుకు సుమారు 4 వేల నుంచి 5 వేల యూనిట్లు ఇస్తుంది. బాగా నడిచే ఒక మెగావాట్ జియోథర్మల్ ప్లాంటు 20 వేలు దాటిస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, బొగ్గు ర్యాకుల కోసం ఎదురుచూడక్కర్లేదు, స్థలం కూడా తక్కువే పడుతుంది.

కెన్యాను చూడండి. రిఫ్ట్ లోయలోని ఒల్కారియాలో 1981లో 15 మెగావాట్లతో మొదలుపెట్టారు. ఇవాళ ఆ దేశపు కరెంటులో నూటికి 40 వంతులకు పైగా జియోథర్మలే. కరువొచ్చి జలాశయాలు ఎండిన ఏళ్ళలో కెన్యాను నిలబెట్టింది ఈ ఆవిరే. సొంత చమురు మీద ఆధారపడే వీలులేని ఒక పేద దేశం ఇంత సాధించిందంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఇంతా చేసి, ప్రపంచం మొత్తం మీద జియోథర్మల్ ప్లాంట్ల సామర్థ్యం 16 వేల మెగావాట్ల చుట్టుపక్కలే. లార్డెరెల్లో బల్బులు వెలిగి నూట ఇరవై ఏళ్ళు దాటాక కూడా అంతే.

అంత మంచిదైతే ఇన్నేళ్ళలో ఎందుకు పెరగలేదు?

బోరు ఖర్చు వల్ల. మన రైతులకు ఈ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. అప్పు చేసి బోరు వేయించి, నీళ్ళు పడతాయో లేదోనని రిగ్గు దగ్గర నిలబడే టెన్షన్ ఎలాంటిదో తెలుసు. ఇక్కడ కూడా అంతే, కాకపోతే లోతు రెండు మూడు కిలోమీటర్లు, ఖర్చు బోరుకు కోట్లలో. వేడి ఉండాలి, నీళ్ళుండాలి, ఆ నీళ్ళు పారడానికి రాళ్ళలో పగుళ్ళుండాలి. మూడూ ఒకేచోట కుదరాలి. ఏ ఒక్కటి లేకపోయినా పెట్టిన డబ్బు పోయినట్టే. సోలార్‌కు ఎండ ఎంత కాస్తుందో ముందే తెలుసు, అందుకే బ్యాంకులు అటు మొగ్గుతాయి.

కొన్నిసార్లు ఎవరూ ఊహించనిది తగులుతుంది. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో బోరు వేస్తుంటే రెండు కిలోమీటర్ల లోతులోనే శిలాద్రవం తగిలి పని ఆగిపోయింది.

కెన్యా ఈ చిక్కును తెలివిగా విప్పింది. 2008లో ఒక ప్రభుత్వ సంస్థను పెట్టి, తొలి బోర్ల నష్టభయం దాని మీద వేసింది. ఆవిరి పడిన తర్వాతే ప్రైవేటువాళ్ళు ప్లాంటు కట్టడానికి వస్తారు. మన దేశంలోనూ ఇలా చేస్తే తప్ప ముందుకు సాగదని నా అభిప్రాయం.

ఇందులో కాలుష్యం అసలు లేదా?

ఉంది, చోటును బట్టి. ఆవిరితో పాటు కార్బన్ డయాక్సైడ్, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి వస్తాయి. చాలా క్షేత్రాల్లో బొగ్గుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ టర్కీలోని మెండెరెస్ లోయ వంటి చోట్ల రాళ్ళలో సున్నపురాయి ఎక్కువ కావడంతో కార్బన్ డయాక్సైడ్ కూడా బాగా ఎక్కువగా వస్తుంది. జియోథర్మల్ అనగానే కళ్ళు మూసుకుని ‘గ్రీన్’ ముద్ర వేయకూడదు.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. కింది నుంచి వచ్చే నీటిలో ఆర్సెనిక్, బోరాన్, సిలికా కలిసి ఉంటాయి. వైరాకెయిలో ఏళ్ళ తరబడి ఆ నీటిని వైకాటో నదిలోకి వదిలారు, దానితో ఆర్సెనిక్ నదిలో చేరింది. ఇప్పుడు పద్ధతిగా నడిపే ప్లాంట్లు వాడిన నీటిని మళ్ళీ భూమిలోకే పంపుతాయి.

ఐస్‌లాండ్‌లోని హెల్లిషెయిదీ ప్లాంటు ఒక అడుగు ముందుకేసింది. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలో కరిగించి బసాల్ట్ రాళ్ళలోకి పంపుతోంది. అక్కడ అది రాయిగా గట్టిపడుతుంది. ప్రయోగ దశలో పంపినదాంట్లో నూటికి 95 వంతులు రెండేళ్ళలోపే రాయిగా మారిందని 2016లో తేలింది. మన దక్కన్ నల్లరాయి కూడా బసాల్టే కాబట్టి ఇక్కడి శాస్త్రవేత్తలకూ ఈ విషయంలో ఆసక్తి ఉంది.

తోడుతూ పోతే వేడి అయిపోదా?

భూమి వేడి అయిపోదు. ఒక బోరు దగ్గరి వేడి, నీరు మాత్రం అయిపోతాయి. కాలిఫోర్నియాలోని ‘ద గీజర్స్’ ప్రపంచంలోనే పెద్ద జియోథర్మల్ క్షేత్రం. 1960లో మొదలై, 1980ల్లో ఎవరికి తోచినంత వాళ్ళు తోడేశారు. ఆవిరి ఒత్తిడి పడిపోయింది, కరెంటు తగ్గిపోయింది. చివరికి చుట్టుపక్కల ఊళ్ళ మురుగునీటిని శుద్ధి చేసి, పైపుల్లో కొండలెక్కించి భూమిలోకి పంపడం మొదలుపెట్టారు. లేక్ కౌంటీ నుంచి 1997లో, శాంటా రోసా నుంచి 2003లో ఆ నీళ్ళు వచ్చాక క్షేత్రం కుదురుకుంది.

వైరాకెయిలో నేలే కుంగింది. ఒకచోట 15 మీటర్ల దాకా దిగిపోయింది. పక్కనున్న గీజర్ లోయలో ఎగజిమ్మే బుగ్గలు ఆగిపోయాయి, వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వచ్చేవాళ్ళు. బోరుబావులతో ఊటబావులు ఎండిపోయిన ఊళ్ళు మనకూ ఉన్నాయి కదా, ఇదీ అదే కథ. ఎంత తోడుతున్నామో అంత తిరిగి పంపుతూ, నెమ్మదిగా వాడుకుంటే తరాలు నడుస్తుంది.

దీనివల్ల భూకంపాలు వస్తాయా?

సహజంగా నీళ్ళున్న చోట వచ్చేవి చాలావరకు మనిషికి తెలియని చిన్న కదలికలు. ఎండు రాతిలోకి ఒత్తిడితో నీరు కొట్టి పగుళ్ళు తెరిచే పద్ధతితోనే అసలు భయం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద 2006లో అలా చేస్తే 3.4 తీవ్రతతో భూమి కంపించింది, ప్రాజెక్టు మూతపడింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. పదుల సంఖ్యలో జనం గాయపడ్డారు, ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదలాల్సి వచ్చింది. అక్కడి జియోథర్మల్ ప్రయోగమే దాన్ని రేపిందని ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ 2019లో తేల్చింది. ఆ బోర్ల కింద ఎవరూ గుర్తించని ఒక భ్రంశం, అంటే రాతి పొరలు విరిగి జరిగే చీలిక, ఉంది.

గోదావరి లోయకు ఇది దూరపు కబురు కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. ఇవి సహజంగా వచ్చినవే. కానీ ఆ లోయలో భ్రంశాలు ఇంకా కదులుతున్నాయని అవే చెబుతున్నాయి. ఉన్న వేడినీటిని వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అక్కడ రాళ్ళు పగలగొడతామని ఎవరైనా వస్తే మాత్రం, ముందు భ్రంశాల మ్యాపు చూపించమని అడగాలి.

బోరు పేలిపోతే? పాశర్లపూడి లాంటిది జరగదా?

1995లో పాశర్లపూడిలో సహజవాయువు బావి అదుపు తప్పి ఎగజిమ్మింది, ఆ బ్లోఅవుట్ మంటలు 65 రోజులు మండాయి. కోనసీమ జనం అది మర్చిపోలేదు, ఈ ప్రశ్న వేయడం సహజం. జియోథర్మల్ బోరులో వచ్చేది ప్రధానంగా ఆవిరి, వేడినీరు. సహజవాయువు బావిలా అది మంటల్లో చిక్కుకోదు. కానీ అదుపు తప్పితే ఆవిరి, విషవాయువు ఊరి మీదికి వస్తాయి. 1991లో హవాయి దీవిలోని పూనాలో అదే జరిగి చుట్టుపక్కల వాళ్ళను ఖాళీ చేయించారు. 2018లో కిలావెయా అగ్నిపర్వతం లావా అదే ప్లాంటు బోర్లను కప్పేసింది. 2020 చివరికి గానీ మళ్ళీ కరెంటు రాలేదు.

అక్కడ ఉండే జనానికి ఒరిగేదేమిటి?

నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే ప్రశ్న ఇదే. వేడి దొరికే చోట సాధారణంగా కొండ జాతులో, పశువుల కాపరులో, దేవాలయాలో ఉంటాయి. కరెంటు మాత్రం దూరాన ఉన్న నగరానికి పోతుంది.

ఒల్కారియాలో నాలుగో ప్లాంటు కోసం 2014లో మాసాయి కుటుంబాలను తరలించారు. ఇళ్ళు, బడి కట్టించారు. అయినా పట్టాలు, దారులు, వాగులు కోసేసిన నేల, పశువుల మేత గురించి ఫిర్యాదులు ప్రపంచ బ్యాంకు తనిఖీ విభాగం దాకా వెళ్ళాయి. తర్వాత మధ్యవర్తుల్ని పెట్టి మాట్లాడుకోవాల్సి వచ్చింది. పోలవరం నిర్వాసితుల కాలనీలు చూసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ కనిపించదు. నేను పైన ఎంతో మెచ్చుకున్న కెన్యాలోనే ఇది కూడా జరిగింది, రెండూ కలిపే చెప్పాలి.

జపాన్‌లో నేల కింద వేడి అపారం. కానీ వేడినీటి స్నానశాలల యజమానులు తమ ఊటలు ఎండిపోతాయని ఒప్పుకోరు, మంచి చోట్లలో చాలా భాగం జాతీయ పార్కుల్లో ఉంది. హవాయి మూలవాసుల్లో చాలామందికి అగ్నిపర్వతమంటే పెలె అమ్మవారు. మన హిమాచల్‌లోని మణికరణ్‌లో గురుద్వారా లంగర్‌కు అన్నం ఇప్పటికీ ఆ బుగ్గల వేడిలోనే ఉడుకుతుంది. అలాంటి చోట బోరు వేయాలంటే కొలతలు తీసేవాళ్ళు ఒక్కరే కూర్చుని నిర్ణయించకూడదు.

మన దేశంలో ఎంతవరకు వచ్చింది?

మన దేశంలో వేడినీటి బుగ్గలు మూడు వందలకు పైగా ఉన్నాయి. పది వేల మెగావాట్లకు పైగా తీయవచ్చన్న అంచనా చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. గ్రిడ్‌కు చెప్పుకోదగ్గ కరెంటు ఇచ్చే ప్లాంటు మాత్రం ఇంకా లేదు.

అందరి ఆశా లడఖ్‌లోని పూగా లోయ మీద. 4,400 మీటర్ల ఎత్తు, నేల మీదే మరిగే నీళ్ళు. జియలాజికల్ సర్వే 1970ల్లోనే అక్కడ బోర్లు వేసింది. 2021లో ఓఎన్‌జీసీ ముందుగా ఒక మెగావాట్ ప్లాంటు పెడతామని లడఖ్ పాలనా యంత్రాంగంతో ఒప్పందం చేసుకుంది. 2022 ఆగస్టులో తవ్వుతుండగా వేడి ద్రవం పూగా వాగులోకి చేరి పని ఆగింది. చాంగ్‌పా కాపరుల పశువులు ఆ నీళ్ళే తాగుతాయి. చలికాలంలో డీజిల్ పొగలో బతికే లడఖ్‌కు ఈ వేడి వరమే. అందుకే అక్కడ తొందరకంటే జాగ్రత్త ముఖ్యం.

ఛత్తీస్‌గఢ్‌లో తాతాపానీ, ఉత్తరాఖండ్‌లో తపోవన్ కూడా జాబితాలో ఉన్నాయి. 2025 సెప్టెంబరులో కేంద్రం జియోథర్మల్‌కు జాతీయ విధానం ప్రకటించింది.

మరి తెలుగు నేల మీద?

భద్రాచలం దగ్గరి గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వెచ్చని నీళ్ళు ఊరతాయి. మనుగూరు దగ్గర పగిడేరులో బోర్ల నుంచి వేడినీరు మోటారు లేకుండానే పైకి పొంగుతుంది. అగ్నిపర్వతం ఏదీ లేదు. బొగ్గు పేరుకున్న గోండ్వానా లోయలో నీరు భ్రంశాల వెంట లోతుకు దిగి, వేడెక్కి, మళ్ళీ పైకి వస్తోంది. సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. పైన చెప్పిన బైనరీ పద్ధతే.

20 కిలోవాట్లు ఇరవై నాలుగు గంటలూ నడిస్తే రోజుకు 480 యూనిట్లు, అంటే దాదాపు వంద ఇళ్ళకు సరిపోతుంది. ఆ పక్కనే ఉన్న భద్రాద్రి థర్మల్ కేంద్రం 1,080 మెగావాట్లు, అంటే దీనికి 54 వేల రెట్లు. మొదటి అడుగుగా ఇది విలువైనదే. దీన్ని చూపించి బొగ్గుకు బదులు దొరికేసిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో ఇబ్బంది ఉంది. అలాస్కాలో 74 డిగ్రీల నీటితో కరెంటు వస్తోందంటే, పక్కనే గడ్డకట్టేంత చల్లని నీరు ఉండటం వల్ల. టర్బైన్‌కు కావాల్సింది వేడి, చల్లదనాల మధ్య తేడా. మే నెలలో మనుగూరులో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు 70 డిగ్రీలున్నా తేడా పాతిక ముప్పై డిగ్రీలే మిగులుతుంది. కరెంటు ఎక్కువ కావాల్సిన నెలలోనే ప్లాంటు నీరసపడుతుంది.

అందుకే నా మాట: మన దగ్గర ఆ వేడిని వేడిగానే వాడాలి. ఖమ్మం మార్కెట్‌కు వచ్చే మిర్చి కల్లాల్లో ఆరబోసినప్పుడు అకాల వర్షం పడితే రైతు ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. మిర్చి, పసుపు ఆరబెట్టడానికి 60 డిగ్రీల వేడిగాలి చాలు, దానికి టర్బైన్ అక్కర్లేదు. అరుణాచల్‌లోని దిరాంగ్‌లో పండ్లు ఆరబెట్టడం వంటి పనులకే జియోథర్మల్ బోరు వేశారు. ఏజెన్సీలోని పగిడేరు చుట్టుపక్కల ఒక డ్రైయింగ్ యార్డు పెట్టి, దాన్ని అక్కడి గిరిజన మహిళా సంఘాలకు అప్పగిస్తే 20 కిలోవాట్ల కరెంటు కంటే ఎక్కువ మందికి మేలు జరుగుతుంది.

అగ్నిపర్వతాలు లేనిచోట కూడా పనిచేసే కొత్త పద్ధతులు వచ్చాయంటున్నారు, నిజమేనా?

వస్తున్నాయి. రాతి పొరల్లో చిక్కుకున్న షేల్ గ్యాస్ కోసం నేర్చుకున్న అడ్డ బోర్ల నేర్పును వేడి రాళ్ళ మీద వాడుతున్నారు. హ్యూస్టన్‌కు చెందిన ఫెర్వో కంపెనీ 2023లో నెవాడాలో ఇలా కరెంటు తీసి చూపించింది, ఇప్పుడు యూటాలో పెద్ద ప్లాంటు కడుతోంది. హ్యూస్టన్ చమురు రంగంలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, రాజమండ్రి కేంద్రంగా కేజీ బేసిన్‌లో బావులు తవ్విన అనుభవమూ మనకుంది. చమురు తగ్గినా ఆ చేతులకు పని ఉంటుంది. కేజీ బేసిన్‌లో కొన్ని లోతైన బావుల అడుగున వేడి 150 డిగ్రీలు దాటుతుంది. వదిలేసిన బావుల్ని వాడుకోగలమా అన్నది మన విశ్వవిద్యాలయాలు గట్టిగా పట్టించుకోవాల్సిన ప్రశ్న. పోహాంగ్ పాఠం మాత్రం దీనికి పూర్తిగా వర్తిస్తుంది.

ఐస్‌లాండ్‌లా మనం ఎందుకు చేయలేం?

ఆ దేశం మొత్తం జనాభా దాదాపు రాజమండ్రి అంత. కూర్చున్నది అగ్నిపర్వతాల మీద. పైగా అక్కడ కావాల్సింది ఇళ్ళు వెచ్చబెట్టడం, పది ఇళ్ళలో తొమ్మిదింటికి ఆ వెచ్చదనం నేల నుంచే వస్తుంది. మనకు కావాల్సింది చల్లదనం.

మా పెరట్లో బోరు వేసి కరెంటు తీయవచ్చా?

తీయలేం. ఇళ్ళకు పనికొచ్చేది హీట్ పంపు, అంటే ఇంటికీ నేలకూ మధ్య వేడిని అటూ ఇటూ చేరవేసే యంత్రం. అది కరెంటు ఇవ్వదు. కొన్ని మీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే చలికాలంలో బావినీళ్ళు గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా అనిపిస్తాయి. మన దగ్గర అది 27, 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి ఏసీ ఖర్చు కొంత తగ్గించుకోవచ్చు. పెద్ద భవనాలకు లెక్క కుదరవచ్చు, చిన్న ఇంటికి కష్టం. ఈ చిన్న బోర్లనూ తేలిగ్గా తీసుకోవద్దు. జర్మనీలోని స్టౌఫెన్‌లో 2007లో టౌన్‌హాలు కోసం అలాంటి బోర్లు వేస్తే నీరు కింది పొరలోకి చేరి నేల ఉబ్బింది, రెండు వందలకు పైగా భవనాలు బీటలు వారాయి.

మా ఊరికి ఇలాంటి ప్రాజెక్టు వస్తే ఏం అడగాలి?

వాడిన నీరంతా తిరిగి భూమిలోకి పంపుతారా, పైపు పగిలితే వాగులో ఏం కలుస్తుంది అని అడగండి. రాళ్ళు పగలగొట్టే పద్ధతి వాడతారా, వాడితే భూకంప లెక్కలు ఎవరు చూస్తారు, ఎంత తీవ్రత దాటితే పని ఆపుతారు అని రాతపూర్వకంగా తీసుకోండి. ఊరికి కరెంటో వేడో ఎంత వాటా ఇస్తారో అడగండి. ఏజెన్సీ గ్రామాలైతే గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం కింద గ్రామసభ ఉంది, గిరిజన ప్రాంత భూములు ఇతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉంది. సంతకాల ముందు ఆ సభ నిజంగా జరగాలి. అన్నిటికంటే ముందు, రిగ్గు ఊళ్ళోకి రాకముందే మీ బావుల్లో, బోర్లలో, చెరువులో నీళ్ళు పరీక్ష చేయించి ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లెక్కలు కాగితం మీద పెట్టించుకోండి. రేపు నీళ్ళు మారాయని అంటే, ముందు ఎలా ఉండేవో చూపించడానికి ఊరి చేతిలో ఉండేది ఆ కాగితమే.